ఎర్ర గింజల పితికిపప్పు

గింజలు తింటే ఒంటికి మంచిదేనా అని నన్ను అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆరోగ్య శాఖలో పనిచేసి రిటైరైన మనిషి పొద్దున నడకలో దొరికితే ఇలాంటి ప్రశ్నలు చాలానే వస్తాయి. అలసందలు వాయువు చేస్తాయట, ఉలవలు వేడట, అనపగింజలు తింటే కడుపు ఉబ్బుతుందట, నిజమేనా సార్ అంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. కానీ రామకుప్పం వైపు ఒక హాస్టల్లో ఆ ఒక్క మాట చెప్పడానికి మాకు నాలుగు రోజులు పట్టింది.

ఈ మధ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పాను. రాసిపెట్టమన్నారు. పాత డైరీలు ముందేసుకుని రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. ఉన్నవాళ్ళు ఇబ్బంది పడతారు, పోయినవాళ్ళు అడ్డు చెప్పలేరు.

తొంభైల చివర్లో నేను పుంగనూరులో హెల్త్ సూపర్వైజరుగా ఉండేవాణ్ణి. కాపురం మదనపల్లెలో. బావుల్లో బ్లీచింగు వేయించడం, టీకాల లెక్కలు చూడడం, ఎక్కడైనా వాంతులు విరేచనాలు మొదలైతే సంచీ పట్టుకుని పరుగెత్తడం నా పని. కుప్పం వైపు చూసే సూపర్వైజరు పెద్ద సెలవు పెట్టడంతో ఆ వైపు కూడా నన్నే చూడమన్నారు. ఒక సోమవారం పొద్దున ఆఫీసుకు ఫోను వచ్చింది. రామకుప్పం అవతల ఒక చిన్న ప్రైవేటు హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసిన పిల్లలు వరసగా వాంతులు చేసుకున్నారని. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

సంచీ నిండా మందులతో, మనసు నిండా భయంతో వెళ్ళిన నాకు హాస్టలు ముందు పిల్లలు గోలీలాడుతూ కనిపించారు. ఆ ప్రాంతపు ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ వరండాలో నిలబడి ఉంది. చిన్న వయసు, అదే మొదటి పోస్టింగు.

"రాత్రంతా సెలైన్లు పెట్టాల్సి వస్తుందని సిద్ధంగా ఉన్నాను సార్. చీకటి పడేసరికి అందరూ లేచి కూర్చుని ఆకలన్నారు" అంది.

ఒక్క పిల్లవాడు మాత్రం ఇంకా నీరసంగా పడుకుని ఉన్నాడు. అందరికంటే ఎక్కువసార్లు పెట్టించుకుని తిన్నది వాడేనట. వాడి అవ్వ మంచం పక్కన కూర్చుని వచ్చిన ప్రతివాణ్ణీ తిడుతోంది. నన్నూ తిట్టింది.

"నువ్వేమన్నా కొత్తగా సెప్పేదుండాదా? బల్లి పడినాది. ఊరంతా తెలుసు. సేసేదంతా సేసి, ఇప్పుడు సంచులు తగిలించుకోని వస్తాండారు!"

బల్లి గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. నా సర్వీసు మొత్తంలో కూడు చెడిన ప్రతిచోటా మొదట బల్లి పేరే వినిపించేది. మన ఇళ్ళ గోడల మీద తిరిగే బల్లిలో విషం లేదని ఎన్ని ఊళ్ళలో చెప్పానో. తలలూపేవాళ్ళు. మళ్ళీ ఎక్కడైనా వాంతులైతే బల్లే. దానికి వాదించుకునే నోరు లేదు, తరఫున వచ్చే బంధువులు లేరు. కేసు తేలిగ్గా ముగిసిపోతుంది.

ఇక్కడా ముగిసిపోయేట్టే ఉంది. హాస్టలు నడిపే పెద్దలు అప్పటికే రెండు మాటలు అనుకున్నారు. గురువారం తల్లిదండ్రులను పిలిచి, వాళ్ళ ఎదుట వంటమ్మను పనిలోంచి తీసేయాలి. ఇక మీదట హాస్టల్లో గింజలనేవి వండకూడదు, అన్నం సాంబారుతో సరిపెట్టాలి. వంటమ్మకు హాస్టలు వెనక గదే ఇల్లు. హాస్టలు మొదలైనప్పటినుంచి అక్కడే ఉంటోంది. ఇక పిల్లల సంగతి. కోడిగుడ్డు ఎప్పుడో పండక్కి, మాంసం ఎవరైనా దాత గుర్తుంచుకుంటే. రాగి సంగటి పక్కన వాళ్ళకు బలమిచ్చేది ఆ గింజలే.

వంటింట్లోకి వెళ్ళాను. వంటమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"బల్లే పడింది సార్. రాసేయండి."

"నువ్వు చూశావా అమ్మా?"

"సూడలేదు. అయినా పడింటాది. లేకపోతే నా పితికిపప్పు తిని పిల్లోళ్ళు యాల కక్కుతారు?"

"బల్లి అని రాస్తే మూత పెట్టలేదని నిన్ను తీసేస్తారు కదమ్మా."

"తీసేయనీ సార్. మూత మరిచిపోయిందంటారు. వంట రాదని ఎవురూ అనరు కదా?"

ఉద్యోగం పోయినా ఫరవాలేదు, పితికిపప్పు మీద మాట రాకూడదని ఆమె పట్టు. ఈ జిల్లా మనిషినే కాబట్టి నాకది వింతగా అనిపించలేదు. తెలియని పిల్లల కోసం చెబుతాను. అనపకాయల కాలంలో గింజలను ఒలిచి రాత్రంతా నానబెడతారు. పొద్దున ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఒక్కొక్క గింజను బొటనవేలితో నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. మసాలా నూరి ఆ పప్పుతో పులుసు పెడతారు. సంగటిలోకి దాన్ని మించింది లేదని మా వైపు అందరి నమ్మకం. హాస్టల్లో ఆ పితికే పని పిల్లలకు ఆదివారం ఆట. పప్పు గిన్నెలో కంటే పక్కవాడి నెత్తిన ఎక్కువ పడేది.

"అనపకాయల కాలం కాదు కదమ్మా ఇది. గింజలు ఎక్కడివి?" అని అడిగాను.

ఆమె మూలనున్న బస్తా చూపించింది. మదనపల్లె టమోటా మండీ వ్యాపారి ఒకాయన దానం చేసిన బస్తా అది. ఇక్కడి టమోటాలు వేసుకుని ఢిల్లీ వైపు వెళ్ళిన లారీ ఖాళీగా రాకుండా అక్కడి సరుకు వేసుకుని వచ్చింది. అందులో కొంత హాస్టలుకు పంపాడు. మూతి విప్పి చూస్తే ఎర్రగా, నున్నగా, అనపగింజ కంటే పెద్దవి. రాజ్మా. ఇప్పుడు ప్రతి అంగట్లో దొరుకుతుంది కానీ అప్పట్లో ఆ వంటింట్లో దాన్ని చూసినవాళ్ళెవరూ లేరు.

"బస్తా తెచ్చినాయప్ప సెప్పినాడు సార్, ఇది మన అనపగింజకి పెద్దన్న అని. పెద్దన్న కాబట్టి తోలు మందం. పిల్లోళ్ళ బొటనవేళ్ళు వాసినాయి పాపం."

"ఎంతసేపు ఉడికించావు?"

"తోలు పోయినాక పప్పుకి ఎంతసేపు కావాల సార్? పులుసులో ఒక పొంగు రానిచ్చి, నిప్పులు లాగేసి, మూత పెట్టి మగ్గనిచ్చినా. పప్పు పప్పుగా ఉండాల. పిసికితే ముద్దయ్యేది పితికిపప్పా, గంజా?"

"నువ్వు తినలేదా?"

"నేను అందరూ తిన్నాక తింటా. నేను కూకునే పొద్దుకి వీళ్ళు కక్కుకుంటాండారు."

ఆ గింజ మీద అనుమానం అప్పుడే వచ్చింది. కానీ అనుమానాన్ని రిపోర్టులో రాయలేం. మిగిలినదంతా భయపడి గుంటలో పోసి కప్పేశారు, పరీక్షకు పంపడానికి చెంచాడు కూడా లేదు. పైగా ఒక చిక్కు. హాస్టలు వార్డెను కూడా ఆ ఆదివారం అదే పప్పు కడుపునిండా తిన్నాడు. ఆయనకేమీ కాలేదు.

ఈ ఒక్క సంగతి ఊళ్ళో నిప్పులా పాకింది. అవ్వ దాన్ని పట్టుకుని వదల్లేదు. "ఆయప్పకి యేరే వండింటారు! ఆయప్ప ఏనాడన్నా పిల్లోళ్ళ పక్కన కూకుని తిన్నాడా? తలుపేసుకుని ఏం తింటాడో ఎవురు సూసినారు?"

నిజమే, వార్డెను ఎప్పుడూ తన గదిలో ఒంటరిగా తినేవాడు. పొడుగాటి మనిషి, మాటలు పొదుపుగా వాడేవాడు, నవ్వగా చూసినవాళ్ళు లేరు. పిల్లల లెక్కలో ఆయన గర్విష్ఠి. నేను అడిగితే, "నేనూ ఆ పెద్ద గిన్నెలోదే తిన్నాను. అంతకంటే చెప్పేదేం లేదు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఒకే గిన్నె. పిల్లలందరికీ వాంతులు, ఆయనకు లేవు. బల్లి పడినా, గింజదే దోషమైనా, ఇది కుదరదు. ఆ రాత్రి కుప్పంలో లాడ్జిలో దిగి డైరీలో "వార్డెను?" అని ఒక్క మాట రాసుకుని పడుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం మళ్ళీ వంటింట్లోనే కూర్చున్నాను. నా అలవాటు అది. అడిగితే చెప్పనివాళ్ళ దగ్గర ఊరికే కూర్చుంటాను. ఆ రోజు సాంబారు. వడ్డన అయిపోయాక వంటమ్మ ఒక చిన్న గిన్నెలోకి కొంచెం సాంబారు, కూరగాయ ముక్కలు తీసి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. అది కుతకుతలాడుతూనే ఉంది. ముక్కలన్నీ కరిగిపోయేదాకా దించలేదు.

"అదెవరికి?" అన్నాను.

"సారుకి. సారు మెత్తగా..." అని నాలుక కరుచుకుంది. "నన్నేం అడగొద్దండి. ఒట్టు పెట్టుకున్నా."

నేను ఆ గిన్నె వెనకే వార్డెను గదికి వెళ్ళాను. లోపలికి రమ్మని ఆయన అనలేదు, నేనే వెళ్ళి తలుపు వేశాను.

"సార్, ఆదివారం మీ పప్పును కూడా ఇట్లాగే మళ్ళీ ఉడికించిందా?"

 ఆయన కిటికీ వైపు తిరిగి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఏదో తీసి రుమాల్లో చుట్టాడు. ఇటు తిరిగేసరికి బుగ్గలు లోపలికి పోయి, మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయాడు.

"సూసినారు కదా" అన్నాడు. మాట కూడా మారిపోయింది. "పైనా కిందా ఒక్కటి లేదు. ఈ పళ్ళ సెట్టు మాట్లాడేదానికి పనికొస్తాది, నమిలేదానికి కాదు. నమిలితే చిగుళ్ళు కోసుకుపోతాయి. ఆమె పాపం నాకోసం ఏదైనా ఇంకోసారి తెర్ల కాంచి, గంజి మాదిరి చేసి ఇస్తాది. ఎవురికీ సెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నా."

"ఇందులో దాచుకోవలసింది ఏముంది సార్?"

"మీకేం తెలుసు ఈ పిల్లోళ్ళు! డ్రిల్లు మాస్టరుకి పెద్ద పొట్ట ఉండాదని కడవ అని పేరు పెట్టినారు. ఆయప్ప బదిలీ అయిపోయినా ఆ పేరు ఈడే ఉండాది. నాకేం పెడతారో!"

నవ్వు ఆపుకోవడం కష్టమైంది. కానీ ఆ చిన్న గిన్నెతో చిక్కు మొత్తం విడిపోయింది. ఒకే గింజ, ఒకే పులుసు. ఒక పొంగుతో దించినది తిన్నవాళ్ళు వాంతి చేసుకున్నారు. కుతకుత ఉడికినది తిన్న మనిషి హాయిగా నిద్రపోయాడు.

సాయంత్రం డాక్టరమ్మకు చెప్పాను. ఆమె తన గదిలోంచి చదువుకున్న పుస్తకం ఒకటి తెచ్చి వెతికింది. దొరికింది. రాజ్మాలో కడుపును తిప్పేసే పదార్థం ఒకటి ఉంటుంది. నానబెట్టిన నీళ్ళు పారబోసి, బాగా మరిగించి ఉడికిస్తే అది పోతుంది. సన్నటి సెగ మీద మగ్గబెడితే పోదు. సరిగా ఉడకనిది తింటే ఒకటి రెండు గంటల్లో వాంతులు, పూట తిరిగేసరికి కోలుకుంటారు. "పరీక్ష కోసం చదివాను సార్. ఇక్కడ, ఈ పులుసులో కనిపిస్తుందనుకోలేదు" అని తనలో తానే నవ్వుకుంది.

ఇక్కడ కొత్త ఉద్యోగులకు ఒక మాట. కారణం దొరికింది కదా, కేసు అయిపోయింది అనుకుంటాం. కారణం దొరికిన తర్వాతే అసలు పని మొదలవుతుంది. నా చేతిలో ఉన్న నిజం బయటికి రావాలంటే ఇద్దరు మనుషులు తమకు అన్నిటికంటే ప్రియమైనది వదులుకోవాలి. ఆమె తన పితికిపప్పు పేరు, ఆయన తన పళ్ళు. నేను రిపోర్టులో రాసి పంపేయొచ్చు. కానీ గురువారం వచ్చే తల్లిదండ్రులు రిపోర్టు చదవరు. వార్డెనుకు వేరే వండారన్న అనుమానం తీరకపోతే ఏ మాటా నమ్మరు.

బుధవారం ముందుగా వంటమ్మ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, నీ పితికిపప్పుకి ఏ మచ్చా లేదు. అనపగింజకి నువ్వు చేసే పద్ధతి సరైనదే. ఇది అనపగింజ కాదు, దీని పద్ధతి వేరు. తోలు తీయకుండా, మెత్తబడేదాకా మరిగించాలి."

ఆమె బస్తాలోంచి ఒక గింజ తీసి తిప్పి చూసింది. "పెద్దన్న కాదా ఇది?"

"దూరపు సుట్టం."

"ముందే సెప్పి సావొచ్చు కదా ఆ బస్తా తెచ్చినాయప్ప! సరే సేస్తా. కానీ దీన్ని పితికిపప్పు అని ఎవురన్నా అన్నారంటే నేను ఊరుకోను."

వార్డెనుతో మాత్రం నేను పెద్దగా మాట్లాడలేదు. గురువారం ఏం చెబుతామో, ఆయన ఒప్పుకోకపోతే ఏ సంగతి చెప్పలేమో వివరించాను. అది చెప్పకపోతే వంటమ్మ వెళ్ళిపోవలసి వస్తుందన్నాను. ఆయన "సూస్తాం లెండి" అని ఊరుకున్నాడు.

గురువారం తల్లిదండ్రులు వచ్చారు. రాగి చేలల్లో ఏనుగులు పడకుండా రాత్రంతా కాపలా కాసి వచ్చినవాళ్ళు కొందరు కూర్చున్నచోటే కునుకు తీస్తున్నారు. అవ్వ మనవడి ట్రంకు పెట్టె సర్ది పక్కన పెట్టుకుని కూర్చుంది, ఇంటికి తీసుకుపోతానని. డాక్టరమ్మ లేచి చెప్పింది. ఓపిగ్గా, వాళ్ళ మాటల్లోనే చెప్పింది. అంతా విని అవ్వ అడిగింది.

"ఐతే సారుకి యాల కాలేదు? దానికి జవాబు సెప్పండి."

అందరూ వార్డెను వైపు తిరిగారు. పిల్లలు కిటికీలకు వేలాడుతున్నారు. ఆయన నెమ్మదిగా లేచి, ఈసారి ఎటూ తిరగకుండా, అందరి ఎదుటే పళ్ళ సెట్టు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"నాకు పండ్లు లేవవ్వా. అందుకే ఈమె నాకు ఇంకోసారి ఉడికిచ్చి పెడతాది. నేను తినింది బాగా ఉడికినాది. పిల్లోళ్ళది ఉడకలేదు. ఇది కొత్త గింజ, దీన్ని ఇట్లా వండాలని ఆమెకి ఎవురూ సెప్పలేదు. కనుక్కోని సెప్పాల్సింది బస్తా తీసుకున్న మేము."

కిటికీ దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు. మిగిలినవాళ్ళు నవ్వలేదు. అవ్వ కళ్ళు చిట్లించి ఆ అరచేతినే చూసింది. "ఎంత తీసుకున్నాడు పండ్ల డాక్టరు? నాకూ ఒకటి కావాల" అంది. అప్పుడు అందరూ నవ్వారు, వార్డెను కూడా. బోసి నోటితో.

 వంటమ్మను తీసే మాట హాస్టలు పెద్దలెవరూ ఎత్తలేదు. కానీ గింజలు మానేయాలన్న రెండో మాట ఇంకా ఉంది.

"అదంతా సరే. గింజలు తినొచ్చునా, తినగూడదా? ఒక్క మాట సెప్పండి" అన్నాడు ఒక తండ్రి.

"తినాలప్పా" అంది డాక్టరమ్మ. "పిల్లోళ్ళు ఎదగాలంటే తినాల. సంగటితో బాటు గింజలు, ఆకుకూర, కొంచెం మజ్జిగ ఉండాల. గింజలొక్కటే సాలదు, సంగటొక్కటే సాలదు. ఏ గింజనైనా బాగా ఉడికించుకోవాల. వాయువు చేస్తాదంటే నానబెట్టిన నీళ్ళు పారబోయండి, కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోండి."

మాటలతో ఎవరి భయమూ తీరదు. వంటమ్మ పొద్దుననుంచి మరిగించిన రాజ్మా పులుసు బయటికి వచ్చింది. పిల్లలు చేతులు చాపలేదు. మొదట వార్డెను పిల్లల వరసలో నేలమీద కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం అదే మొదటిసారి. పక్కన వంటమ్మ, డాక్టరమ్మ, నేను. మేం తిన్నాక ఒక్కొక్కడే పళ్ళెం పట్టుకొచ్చాడు. అవ్వ మనవడు కూడా, అవ్వ చేయి విడిపించుకుని.

ఆ తర్వాతి పని ఒక్కటే, కాచుకోవడం. తల్లిదండ్రులెవరూ కదల్లేదు. వరండాలో కూర్చుని ఎవరి బిడ్డ ముఖం వాళ్ళు చూస్తూ ఉన్నారు. ఎవడైనా తేన్చితే అందరి మెడలూ అటు తిరిగేవి. నా ఉద్యోగంలో అంత నిశ్శబ్దంగా గడిచిన మధ్యాహ్నం ఇంకొకటి లేదు. పొద్దు వాలింది. చివరికి పిల్లలకే విసుగొచ్చింది.

"మేం ఆడుకోవాల. మీరంతా ఎప్పుడు పోతారు?" అన్నాడు అవ్వ మనవడు.

అవ్వ వాడి నుదురు ముట్టుకుని చూసింది, పొట్ట నొక్కి చూసింది, వదిలేసింది. వాడు పరుగెత్తాడు. ఆమె లేచి, ట్రంకు పెట్టె అక్కడే వదిలేసి, తిన్నగా వంటింట్లోకి నడిచింది. ఏం గొడవో అని నేను వెనకే వెళ్ళాను. అవ్వ వంటమ్మ ఎదుట కూర్చుని చేయి చాపింది.

"నా మనవడు తినేదేందో నేనూ సూడాల. ఏసియ్యి."

వంటమ్మ పులుసు వేడి చేసి సంగటి ముద్ద పక్కన పోసింది. అవ్వ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా మింగింది.

"ఉప్పు తక్కువ" అంది.

ఆ వారం మొత్తంలో ఒకరు ఆ వంటను వంటలాగా తిట్టడం అదే మొదటిసారి. వంటమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆమె గొంతు మామూలుగా మోగడం నేను అప్పుడే విన్నాను.

"నీ నాలిక్కి ఉప్పు తెలియడం మానేసి ఎన్నేండ్లయిందవ్వా? కలుపుకుని తిను ముందు."